మెహనాజ్ టీచర్ ఊరుకున్న రోజు

పొయ్యి మీద ఉప్మా కలుపుతూనే మెహనాజ్ టీచర్ మొగుణ్ణి ఇంటర్వ్యూ చేస్తోంది. పిల్లలు ఎలా ఆలోచిస్తారో తెలియాలంటే అడిగి ఊరుకోవాలట, తప్పొప్పులు చెప్పకూడదట. ట్రైనింగులో నేర్పారు. ఊరుకోవడమొక్కటే ఆవిడకు పుట్టి బుద్ధెరిగాక చేతకాని పని.

"యాభై రెండులోంచి ఇరవై ఎనిమిది తీసేస్తే ఎంతండీ? ఎలా చేశారో చెప్పండి."

"ముందు ముప్పై తీసేసి..." అబ్దుల్ సలాం గడ్డం గోక్కున్నాడు.

"ముప్పై ఎందుకు తీస్తారు? ఇరవై ఎనిమిది కదా!"

"ఇదేనా నువ్వు ఊరుకోవడం?" అని నవ్వి, పంక్చరు షాపు తాళాలు తీసుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

మెహనాజ్ పొట్టి మనిషి. సుద్దపొడికి వేళ్ళ చివర్లు పగిలాయి. గొంతు మాత్రం బడి దాటి రోడ్డవతల మామిడికాయల లారీ దాకా వినిపిస్తుంది. ఇవాళ ఆవిడ బెంగంతా మూడో తరగతి గ్లోరి మీదే. గ్లోరి తల్లి అంతోనమ్మకు బెజవాడలో హాస్టల్ వంటపని దొరికింది. మధ్యాహ్నం బస్సుకే ప్రయాణం. ఆ పిల్ల తీసివేతలన్నీ ఒకే తీరుగా తప్పుతాయి. ఎందుకో తెలుసుకోకుండా పంపేస్తే కొత్త బడిలో మొద్దని ముద్ర వేసేస్తారు. మొద్దు కాదని మెహనాజ్‌కి తెలుసు.

బడిలో అన్నాలయ్యాక పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, పొద్దున మొగుణ్ణి అడిగిన లెక్కే ఇచ్చింది. గ్లోరి ముప్పై ఆరని రాసింది.

"ఎలా చేశావ్ తల్లీ?"

"రెండులోంచి ఎనిమిది పోదుగా టీచర్. అందుకని ఎనిమిదిలోంచి రెండు తీశా. ఎప్పుడూ పెద్దదాంట్లోంచే చిన్నది తియ్యాలని మీరే చెప్పారుగా!"

మెహనాజ్ గతుక్కుమంది. నిజమే, ఏటా తను చెప్పే మాటే. నోటిదాకా వచ్చిన పాఠాన్ని మింగేసి, చీపురుపుల్లలు ముందుకు తోసింది. రబ్బరు బ్యాండ్లేసిన పదేసి పుల్లల కట్టలు ఐదు, విడిపుల్లలు రెండు.

"వీటితో చేసి చూపించు."

గ్లోరి రెండు కట్టలు పక్కన పెట్టింది. ఇంకా ఎనిమిది పుల్లలు తియ్యాలి. విడిగా ఉన్నవి రెండే. పిల్ల ఎంతసేపటికీ కదలదు. టీచర్ కొంగు నోట్లో కుక్కుకున్నంత పని చేసింది.

"కట్ట విప్పొచ్చా టీచర్?"

"నీకేమనిపిస్తోంది?"

గ్లోరి విప్పేసింది. మిగిలినవి లెక్కపెట్టి, కళ్ళు పెద్దవి చేసి, "ముప్పై ఆరు కాదు టీచర్, ఇరవై నాలుగు!" అంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మెహనాజ్ ఇంత హాయి ఎరగదు.

గుమ్మంలో సంచులతో అంతోనమ్మ నిలబడింది. "బస్సొచ్చే వేళైందండి, వెళ్ళొస్తాం."

"అమ్మా, కట్ట విప్పుకోవచ్చు తెలుసా!" అంటూ గ్లోరి పరిగెత్తింది. ఆ గొంతు గేటు దాకా వినిపించి ఆగిపోయింది.

మెహనాజ్ మిగతా కట్టలు డబ్బాలో సర్దింది గానీ, ఆ పది పుల్లల్నీ మళ్ళీ కట్టబుద్ధి కాలేదు. వాటి పక్కనే బల్ల మీద, గ్లోరి విప్పి పడేసిన ఎర్ర రబ్బరు బ్యాండు.