డూపు బిడ్డ వేయించుకున్న టీకా

ఎనభైతొమ్మిదిలో ఫిలింనగర్ బస్తీలో డూపు అంటే ఎవరూ తలెత్తి చూసేవారు కాదు. హీరో గోడ దూకాలంటే డూపు, హీరోయిన్ మెట్ల మీంచి పడాలంటే డూపు. జూనియర్ ఆర్టిస్టులుండే ఆ గల్లీలో మంజులత టీకాకు కూడా డూపును పెట్టింది. నిజం చెప్పొద్దూ, అది ఆమెకు తప్పని తోచనే లేదు.

ఆమె కూతురు చిట్టి పాలు తాగే పిల్ల. జూబ్లీహిల్స్‌లో ఓ బంగళాలో తీస్తున్న సినిమాలో హీరోయిన్ బిడ్డ వేషం దొరికింది. వేషమంటే ఏముంది, నవ్వడమే. ఏడిస్తే మాత్రం ఇంకో పిల్లను తెచ్చుకుంటానని మేనేజర్ సుబ్రహ్మణ్యం మొదటి రోజే చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే డాక్టర్ శ్యామలాదేవి జీపు వేసుకుని బస్తీకి వచ్చింది. పసిపిల్లల దగ్గు మీద పరిశోధన ఆవిడది. ఇంటింటికీ తిరిగి కోరింత దగ్గుకు టీకా వేయించి, ఆ తర్వాత ఎవరికి దగ్గు వస్తోందో, ఎవరికి రావడం లేదో కనిపెట్టి చూస్తుంది. సూది పడితే జ్వరం, తొడ వాపు, ఏడుపు. ఏడిస్తే వేషం పోయినట్టే.

పక్కింట్లో సినిమా బట్టలు కుట్టే నాగేశ్వరి కాకినాడ నుంచి కొత్తగా దిగింది. డాక్టరమ్మ లెక్కలో ఇంకా ఆ ఇల్లు లేదు. ఆమె కూతురిదీ చిట్టి ఈడే. మంజులత అడగ్గానే, మా పిల్లకూ ఎలాగూ వేయించాలి కదా అని సంతోషంగా పిల్లను ఇచ్చింది. చిట్టి పేరు మీద మూడు విడతలూ ఆ పిల్లే ఏడ్చింది. చిట్టి హాయిగా నవ్వుతూ కెమెరా ముందు కూర్చుంది.

షూటింగ్ అయిపోయాక వేయిద్దాంలే అనుకుంటూ ఉండగానే చిట్టికి దగ్గు పట్టుకుంది. మొదట్లో జలుబే అనుకున్నారు. తర్వాత తెరలు తెరలుగా దగ్గి, ఊపిరి ఎగబీల్చి, మొహం నీలంగా మారడం మొదలైంది. మంజులత డాక్టరమ్మకు కబురు పెట్టింది.

శ్యామలాదేవి వచ్చేసరికి పిల్ల కాస్త తెరిపిన పడి ఉంది. మూడు సూదులూ పడ్డాయి కాబట్టి ఇది కోరింత దగ్గు కాకపోవచ్చని చెప్పి, జలుబు మందు రాసి లేవబోయింది. నిజం చెబితే డాక్టరమ్మ ఏమంటుందో, మేనేజర్ మళ్ళీ పిలుస్తాడో లేదో! పిలవకపోతే పీడాపోయె, ఆ షూటింగులు ఎవరిక్కావాలి, బిడ్డ పోయాక?

"మేడం, సూది నా బిడ్డకు పడలే," అంది మంజులత. "పక్కింటి పిల్లను చూపెట్టిన. జర బతికించుండ్రి."

శ్యామలాదేవికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తిట్టబోయి ఆగిపోయింది. పిల్లను తనే ఎత్తుకుని జీపెక్కింది. పెద్దాసుపత్రిలో చిట్టికి ఆక్సిజన్ పెట్టారు, అసలు మందు మొదలుపెట్టారు. అప్పుడు డాక్టరమ్మ బెంచీ మీద మంజులత పక్కన కూర్చుని అడిగింది.

"ఇంకెవరైనా ఇలా చేశారా? చెప్పమ్మా. టీకా పడిందని నేను ధీమాగా ఉన్న పిల్లకి ఈ దగ్గు వస్తే, నేను మళ్ళీ జలుబు మందే ఇచ్చి వస్తాను."

చేసినవాళ్ళు ఎవరెవరో మంజులతకు తెలుసు. ఉప్పూ కారం ఇచ్చిపుచ్చుకునే ఇళ్ళవి. రేపు ఆ గల్లీలోనే బతకాలి. లోపల చిట్టి మళ్ళీ దగ్గింది. షూటింగులకు వెళ్ళే పిల్లలకు బదులు రహమత్‌నగర్ నుంచి చుట్టాల పిల్లలను తెచ్చి చూపించిన ఇళ్ళన్నీ పేరుపేరునా చెప్పేసింది.

చిట్టికి ఆక్సిజన్ తీసేసిన రోజు నాగేశ్వరి క్యారేజీ పట్టుకుని వచ్చింది. గల్లీ అంతా మంజులతను దుమ్మెత్తిపోస్తోందట. టీకా కోసం డాక్టరమ్మ జీపు దగ్గర పిల్లల్ని చంకన వేసుకుని నిలబడి మరీ తిడుతున్నారట.

"సొంత పిల్లలనే తెచ్చిండ్రా?" అని అడిగింది మంజులత.

"సొంత పిల్లల్నే."

"అయితే తిట్టనియ్యి," అని, చిట్టి నోట్లో చెంచాతో పాలు పోసింది.