రెండు వందల గ్రాముల గీత

రేవులో కస్టమ్స్ గోదాముకి ఆయనే పెద్ద దిక్కు. ఓడల్లో దిగే నూలుగుడ్డ ఏ పద్దు కిందికి వస్తుందో తేల్చడం ఆయన పని. కోరాగుడ్డకి ఒక సుంకం, చలువ చేసినదానికి ఇంకొకటి, రంగు వేసినదానికీ అచ్చు వేసినదానికీ మళ్లీ వేరే. అన్నిటికంటే ముందు బరువు చూడాలి. చదరపు మీటరు గుడ్డ రెండు వందల గ్రాములు దాటిందంటే సుంకం ఒక్కసారిగా మూడింతలవుతుంది. ఆయన తూచకుండానే చెప్పేవాడు. గుడ్డని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నలిపితే చాలు. ఆఫీసులో అందరూ ఆయన్ని 'త్రాసు' అనేవాళ్లు. ఆ పేరంటే ఆయనకి లోలోపల మహా ఇష్టం.

ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ల చొక్కా అంచు పట్టుకుని నలుపుతూ ఉండేవాడు. ఒకసారి చుట్టాలందరూ చేరినప్పుడు బావమరిది దాన్ని అనుకరించాడు. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు, నోరు ఊరుకోని మనిషి. పెదవులు బిగించి, కళ్లు సగం మూసి, కూర్చున్నవాళ్ల చొక్కాలన్నీ వరసగా నలుపుతూ పోయాడు. "మీరు నూట ఎనభై, పరవాలేదు. అయ్యో మామయ్యా, మీరు రెండొందలు దాటిపోయారు. సుంకం కట్టి భోజనానికి కూర్చోండి!"

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే భార్య వైపు చూశాడు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వుతోంది.

బావమరిది ఫ్యాక్టరీ కూలీలకి యూనిఫారాలు కుట్టించే చిన్న షెడ్డు నడిపేవాడు. దళారుల్ని వదిలించుకుని నేరుగా విదేశం నుంచి గుడ్డ తెప్పించుకోవాలని ముచ్చటపడ్డాడు. శాంపిల్ ముక్క పట్టుకుని అక్కగారింటికి వచ్చాడు.

"బావా, ఒక్కసారి చూసిపెట్టు. నూట తొంభై అయిదని అమ్మేవాడు కాగితం మీద రాసిచ్చాడు. ఈ లెక్కల్లో నాకు ఓనమాలు రావు."

ఆయన ముక్క అందుకుని నలిపాడు. రెండు వందల పదికి పైమాటే. వేళ్లకి అనుమానమే లేదు. ఒక్కమాట చెబితే చాలు, బావమరిది పలచని రకం తెప్పించుకుని గట్టెక్కుతాడు.

"భేషైన గుడ్డరా. ఏళ్లతరబడి చెక్కుచెదరదు. చేతిలో కాగితం ఉందిగా, ఇంక భయమెందుకు? తెప్పించు" అన్నాడు.

"నువ్వున్నావనే ధైర్యం బావా."

ఆ ధైర్యంతోనే వాడు కుట్టుమిషన్లన్నీ తాకట్టు పెట్టాడు.

సరుకు దిగిన రోజు ఆయన కొత్తగా చేరిన తనిఖీ ఉద్యోగినిని పిలిచాడు. "ఇది మా బావమరిది సరుకమ్మా. నేను ముట్టుకుంటే బాగుండదు, నువ్వే చూడు. నా మొహం చూసి మొహమాటపడ్డావో, ఊరుకోను." ఈ కాలంలో ఇంత నిక్కచ్చి మనిషా అని ఆవిడ ఆశ్చర్యపోయింది.

ఒక తాను చివర చిన్న ముక్క కోసి తూచింది. రెండు వందల పదమూడు.

"ముసురు పట్టి ఉంది కదా సార్, తేమ పీల్చుకుందేమో. ఆరబెట్టి మళ్లీ తూద్దామా?"

"తూద్దాం. ప్రతి తానులోనూ ముక్క తియ్యి. చివర కాదు, నడిమధ్యలో."

"మధ్యలో కోస్తే తాను పాడవుతుంది సార్."

"చివర్లు పలచగా నేసి లోపల మందం గుడ్డ చుట్టే మాయగాళ్లు ఎంతమంది లేరు? కొయ్యి."

సిమెంటు నేలమీద తాన్లు ఒక్కొక్కటే విప్పి పరిచారు. నడిమధ్యలో కత్తెర దిగినప్పుడల్లా, సరుకు విడిపించుకోవడానికి వచ్చిన బావమరిది భుజాలు ఉలిక్కిపడుతున్నాయి. వాడు పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, మధ్యలో వద్దని చెప్పవా? అలా కోస్తే ఇంక దేనికీ పనికిరాదు."

"నా చేతుల్లో ఏముందిరా? రూలు రూలే."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కత్తెర కరకరలాడినప్పుడల్లా గుండెలో ఏదో తియ్యగా దిగుతోంది. ఆఖరి తాను దాకా అక్కడినుంచి కదల్లేదు.

ఆరబెట్టినా గుడ్డ గీతకి అవతలే ఉంది. మూడింతల సుంకం, తప్పు బరువు చూపించినందుకు దానిమీద జరిమానా. బావమరిది కట్టలేకపోయాడు. సరుకు వేలానికి పోయింది. అప్పిచ్చినవాడు మిషన్లు బండికెత్తించుకుపోయాడు.

ఆ సాయంత్రం భార్య ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "వాడు ముక్క తెచ్చిన రోజే మీకు తెలుసు కదూ?"

"తెలుసు."

"మరి ఒక్కమాట చెప్పలేదేం?"

"ఆ రోజు నువ్వూ నవ్వావుగా."

ఎప్పుడు నవ్విందో ఆవిడకి వెంటనే గుర్తుకి రాలేదు. తర్వాత, చుట్టాల మధ్య తమ్ముడు చొక్కాలు నలిపిన రోజు గుర్తొచ్చింది.

"వాడికి చెప్పేస్తాను" అంది చివరికి.

"చెప్పు. ఎవరు వద్దన్నారు?"

మర్నాడు తమ్ముడు తనంతట తనే వచ్చాడు. మాసిన గడ్డం, కానీ మొహంలో ఎన్నాళ్లకో కాస్త కళ.

"అక్కా, బావ నీకు చెప్పలేదా? గోదాంలో నాకు పని ఇప్పించాడు. తాన్లు విప్పి పరచాలి, ముక్క కోశాక మళ్లీ చుట్టాలి. ఈయన లేకపోతే నా పిల్లలేమైపోయేవాళ్లే?"

ఆవిడ నోరు తెరిచింది. బల్ల దగ్గర భోంచేస్తున్న ఆయన ముద్ద ఆపి, తీరిగ్గా ఆవిడ మొహంలోకి చూశాడు. చెబితే తమ్ముడు కొట్లాటకి దిగుతాడు. దిగిన పూటే ఆ పనీ ఊడుతుంది. ఆ లెక్క ఆవిడ కళ్లలో ఒక్కో మెట్టే దిగడం ఆయనకి కనిపించింది.

"ఏమిటక్కా?"

"ఏం లేదురా. కూర్చో, తిందువుగాని."

తమ్ముడు చేతులు కడుక్కుని, కుర్చీని కాస్త దూరం జరుపుకుని కూర్చున్నాడు.

"గోదాంలో బావా అనకు. నలుగురూ ఉంటారు. సార్ అను" అన్నాడు ఆయన.

"అలాగే సార్."

అందులో వెటకారం ఉందేమోనని ఆయన చెవి పెట్టి వెతికాడు. వీసమెత్తు లేదు.

"వినపడలేదు."

"అలాగే సార్" అన్నాడు బావమరిది, ఈసారి గట్టిగా.

భార్య వడ్డిస్తూనే ఉంది.