రుద్దేకొద్దీ పెరిగే మచ్చ

వెండి మీద గీత ఎలా పడిందో సూర్యావతికి అంతుపట్టలేదు.

కడియాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతుర్లో నెమ్మదిగా తిప్పింది. కిటికీకి ఏడు ఊచలు. మెరుగు పూర్తయిన వెండిలో ఆ ఏడూ కనబడాలి. కడియం గుండ్రం కాబట్టి ఊచలు వంగితే వంగవచ్చు, తెగకూడదు. ఆరు ఊచలు తెగకుండా వచ్చాయి. ఏడోది మధ్యలో మసకబారింది. చింతగింజంత మసక.

ముందు కొట్లో గోడగడియారం పదకొండు కొట్టింది. కడియాల తాలూకు మనిషి అచ్చాయమ్మ రెండింటికి వస్తుంది. ఒక కడియమే ఇంకా తేలలేదు. రెండోది చింతపండు నీళ్లలో ఉడికిన తెల్లదనంతో పళ్లెంలో అలాగే ఉంది, మెరుగు చెయ్యి ఒక్కటి కూడా పడకుండా.

సూర్యావతి గుడ్డ దులిపి చూసింది. ఇసకరేణువు ఏమీ లేదు. అరచేతులు చూసుకుంది. గోళ్ల సందుల్లో వేపపుల్లతో గీకింది. ఆకురాయి పని అయ్యాక మోచేతుల దాకా కుంకుడురసంతో కడుక్కోనిదే ఆమె బొగ్గు ముట్టుకోదు. బొగ్గుతో రుద్దడం అయ్యాక మళ్లీ కడుక్కోనిదే బూడిద ముట్టుకోదు. ఆ బూడిద కూడా పిడకలది, ఏడుసార్లు గుడ్డలో జల్లించింది. ముందు పనిలోని ఒక్క గరుకు నలుసు తరవాతి పనిలోకి వచ్చిందా, చేసిన కష్టమంతా గంగపాలు. పుణ్యస్త్రీ చేతి గాజులు తియ్యకూడదు, గాజు తగిలితే వెండి గీసుకుపోతుంది. అందుకని ఆమె గాజుల్ని మోచేతి పైకి తోసి గుడ్డపీలికతో కట్టేసుకుంటుంది. ఆ కట్టు కూడా బిగువుగానే ఉంది.

మరి గీత ఎలా పడింది?

గీత పడితే ఒకటే దారి. ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. బొగ్గుముక్క నీళ్లలో ముంచి, ఇందాకటి రుద్దుడుకి అడ్డంగా రుద్దడం మొదలెట్టింది. నిలువు గీతలు పోయేదాకా అడ్డంగా, అడ్డం గీతలు పోయేదాకా నిలువుగా. ఆ తరవాత బూడిదా నూనే కలిపి బొటనవేలితో. పదిహేనేళ్ల నుంచి రుద్ది రుద్ది ఆ బొటనవేలి మీద గీతలు అరిగిపోయాయి. కూలి తీసుకున్నప్పుడు కాగితం మీద వేలిముద్ర వేస్తే సిరామరక తప్ప ఏమీ పడదు.

గంట రుద్దింది. కడిగింది. తుడిచింది. కిటికీ దగ్గర పట్టుకుంది.

మసక పోలేదు. చింతగింజ కాస్తా చింతాకు రెమ్మంత అయింది. దాని రంగు కూడా ఇప్పుడు తెలుస్తోంది. కందిన చర్మంలా సన్నటి ఎర్రజీర.

సూర్యావతి గుడ్డ పక్కన పెట్టింది. గీతయితే రుద్దేకొద్దీ తగ్గాలి. ఇది రుద్దేకొద్దీ పెరుగుతోంది.

ఇది తన చేతి తప్పు కాదు.

*

ఇరవై రోజుల కిందట అచ్చాయమ్మ ఉప్పలగుప్తం నుంచి నడిచి వచ్చి, అమలాపురంలోని ఈ కొట్టు అరుగు మీద ముంత బోర్లించింది. ఇరవై రూపాయలు. అన్నీ పాత రాణిబొమ్మవి, అసలైన వెండి.

"మా అత్త పోతా పోతా చూపించిందండి, పొయ్యికింద పాతేసినయి. వరదొస్తే ముంత కొట్టుకుపోద్ది. అదే కడియాలై కాలికుంటే నాతోనే ఉంటాది కదండి," అంది.

కొట్టు యజమాని మాణిక్యాలరావు నవ్వాడు. "నువ్వే కొట్టుకుపోతేనో?"

"అప్పుడు గోదారితల్లే తొడుక్కుంటాదండి. కొలత మాత్రం నాదే తీసుకోండి."

అరుగు మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. మాణిక్యాలరావు కొలత తీయించి, "తెల్లమెరుగేగా?" అన్నాడు.

కూలివాళ్ల కడియాలకి ఎప్పుడూ తెల్లమెరుగే. కాల్చి, చింతపండు నీళ్లలో ఉడకేసి, కుంచెతో తోమితే మల్లెమొగ్గలా తెల్లబడతాయి. దానికి సూర్యావతికి బేడ కూలి, అంటే రెండణాలు. అద్దంమెరుగు మోతుబరుల ఇళ్లకి. దానికి కొట్లో ఐదు రూపాయలు తీసుకుంటారు, ఆమెకి ముప్పావలా ఇస్తారు.

"కాదండి. మొకం కనబడేది కావాలి," అంది అచ్చాయమ్మ.

"ఐదు రూపాయలే! బురదలో దిగే కాళ్లకి అద్దాలెందుకు?"

"బురద కడిగితే పోద్దండి. మా కామందుగారి భార్య, వీరాయమ్మగారని, పండక్కీ పబ్బానికీ ఆవిడ కాళ్లకి నేనే పారాణి పెడతానండి. పెట్టినప్పుడల్లా ఆవిడ కడియంలో నా మొకం అగుపిస్తాది. నా మొకం నేను చూసుకోవాలంటే ఆవిడ కాళ్లకాడ కూకోవాలాండి?" కొంగుముడి విప్పి ఏడు రోజుల ఊడ్పుకూలి లెక్కబెట్టి అరుగు మీద పెట్టింది.

నలుగురి ముందూ కాదనలేకపోయాడు మాణిక్యాలరావు. పైగా ఐదు రూపాయలు. అతను వెండి అమ్మినవాడే కానీ సుత్తి పట్టినవాడు కాదు. మెరుగంటే పైన పూసేది అనుకున్నాడు. మెరుగంటే పైపొర తీసేదని అతనికి తెలియదు.

*

వెనక వసారాలో కుంపటి ముందు సూర్యావతి భర్త త్రిమూర్తులు ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని ఉన్నాడు. ఈ కొట్లో నగ చేసేది అతను, మెరుగు పెట్టేది ఆమె. ఇద్దరి కూలితో ఒక పొయ్యి వెలుగుతోంది.

"ఏవండీ, అచ్చాయమ్మ రూపాయలు మూసలో వేసి కరిగించింది మీరేనా?"

అతను ఊదుతూనే ఉన్నాడు.

"మిమ్మల్నే."

"షావుకారుగారు ఇచ్చినవి వేసేను."

"ఏ బొమ్మవి?"

త్రిమూర్తులు ఊదుగొట్టం దించాడు. ముందు గది వైపు ఒకసారి చూశాడు. "రాజుబొమ్మవి. యుద్ధంలో వచ్చేయే, అవి."

సూర్యావతి గోడకి ఆనుకుంది. యుద్ధం రోజుల్లో సర్కారు పోసిన రూపాయిలో సగమే వెండి. మిగతాది రాగీ, ఇంకా ఏవేవో. తూకంలో మాత్రం రాణిబొమ్మా తులమే, రాజుబొమ్మా తులమే. ఇరవై ఇచ్చి ఇరవై తులాలు తూచుకుని సంతోషంగా వెళ్లిపోయేవాళ్లకి ఏం తెలుస్తుంది? చింతపండు నీళ్లలో ఉడికితే పైపైన రాగి పోయి తెల్లటి వెండిపొర మిగులుతుంది. ఆ పొర వేసింది తను.

"ఇప్పటికి ఇలా ఎన్ని జతలు?"

అతను వేళ్లు మడిచాడు. రెండో చేతి మీదికి వెళ్లి, ఆగిపోయాడు.

"నాతో ఒక్కమాట అనలేదేం?"

"అంటే ఏం చేసేదానివి? మూస నాది. కొలిమి నాది. రేపు పోలీసులొచ్చి ఎవడు కరిగించేడ్రా అంటే షావుకారుగారు నన్నే చూపిస్తారు. ఆ మాట ఆయనే చెప్పేరు, మొదటిసారే."

"మరి ఇది అద్దంమెరుగుకని తెలిసీ ఊరుకున్నారా?"

"నీ చేతి కింద నిలుస్తుందేమో అనుకున్నానే," అన్నాడు త్రిమూర్తులు. ఆ మాట అతనికే సిగ్గుగా తోచింది. మళ్లీ ఊదుగొట్టం అందుకున్నాడు. నిప్పు రాజుకోలేదు.

*

ఒంటిగంట కొట్టింది. మాణిక్యాలరావు లోపలికి వచ్చాడు.

"ఏమ్మా, అయ్యిందా?"

ఆమె కడియం అందించింది. అతను దాన్ని కిటికీ వైపు తిప్పాడు. ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం మారాయి.

"తుడు."

"తుడిస్తే పోయేది కాదండి."

"అయితే కాల్చి చింతపండు నీళ్లలో పడెయ్యి. తెల్లబడుతుంది. రెండూ తెల్లగానే ఇచ్చేద్దాం."

"ఆవిడ అద్దంమెరుగు కదండీ అడిగింది?"

"నీ చెయ్యి జారి గీతలు పడ్డాయని చెప్తాను. ఐదు రూపాయలూ వెనక్కిస్తాను. వెర్రిమనిషి, సంబరపడిపోతుంది." గొంతు తగ్గించాడు. "నీకు మాత్రం ముప్పావలా కాదు, రూపాయి ఇస్తాను. ఆయ్?"

సూర్యావతి ఆయ్ అనలేదు.

"నా చేతిలో గీత పడలేదండి. పదిహేనేళ్లలో ఒక్కటి పడలేదు."

"పడిందని ఎవరు జైల్లో పెడతారమ్మా నిన్ను? పడలేదంటేనే చిక్కు." మాణిక్యాలరావు వసారా వైపు చూపు తిప్పాడు. "కరిగించిన చెయ్యి ఎవరిదో నీకు తెలుసుగా? నేను రాణిబొమ్మలే ఇచ్చేనంటాను. కాదని ఎవరు చెప్తారు? నువ్వా? నీకు వేలిముద్రే పడదు. నీ సాక్ష్యం ఏ కాగితం మీద తీసుకుంటారు?"

తన హాస్యానికి తనే నవ్వుకుని వెళ్లిపోయాడు.

సూర్యావతి పొయ్యి మీద చింతపండు నీళ్లు పెట్టింది. మరగడం మొదలైంది. పుల్లటి ఆవిరి ముఖాన కొట్టింది. కాల్చి ఒక్కసారి ముంచితే చాలు. మచ్చ మాయం. మొగుడు ఇంట్లో ఉంటాడు. పొయ్యి మీద అన్నం ఉంటుంది.

గతేడు ఇలాగే ముంచి తీసిన ఒక జత గుర్తొచ్చింది. కొబ్బరిపీచు ఒలిచే మనిషిది. చేతులన్నీ పగుళ్లు. తొడుక్కుని రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి సూర్యావతి రెండు చేతులూ పట్టుకుంది. "మీ చెయ్యి చల్లన తల్లీ," అంది.

నీళ్లు మరుగుతూనే ఉన్నాయి. అరుగు మీద అచ్చాయమ్మ గొంతు వినిపించింది. ముప్పావుగంట ముందే వచ్చేసింది.

"ఉడికిందా? పట్రామ్మా!" అని ముందు కొట్లోంచి మాణిక్యాలరావు కేక.

*

సూర్యావతి రెండు కడియాలూ పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. ఒకటి తెల్లగా ఉంది. మెరుగు పెట్టినదానిలో కొట్టు పైకప్పంతా కనబడుతోంది. మాణిక్యాలరావు ఆ మెరుపు చూసి పళ్లు బిగించాడు. ఉడకెయ్యలేదు.

చేసేదిలేక గబగబా త్రాసులో పెట్టాడు. "చూసుకో అచ్చాయమ్మా. ఇరవై తులాలు. గురిగింజెత్తు తేడా లేదు."

"మీ కొట్లో తేడా ఎందుకుంటాదండి?" అచ్చాయమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని మెరుస్తున్న కడియం అందుకుంది. ముఖం దగ్గర పెట్టుకుంది. మూతి ఒకసారి ముడిచింది. కనుబొమలు ఎగరేసింది. పకపకా నవ్వింది. "ఓలమ్మో, నా ముక్కు ఇంత పెద్దదా!"

కడియం కాస్త తిప్పింది. నవ్వు ఆగింది. చెంప తడుముకుంది. చేతిని చూసుకుంది. మళ్లీ తడుముకుంది.

"చెంప మీద ఈ ఎర్రమచ్చేంటండి? నాకు లేదే?"

"అదే చెప్పబోతున్నాను. ఈవిడ చెయ్యి జారింది, గీతలు పడ్డాయి. నీ ఐదు రూపాయలూ ఇచ్చేస్తాను," అన్నాడు మాణిక్యాలరావు.

"ఫర్వాలేదులెండి, మనిషన్నాక చెయ్యి జారదా?" అచ్చాయమ్మ జాలిగా సూర్యావతి వైపు చూసింది. "ఊడ్పుల్లో మాకు వరస తప్పదా యేంటి?"

ఆ జాలి సూర్యావతికి సూటిగా తగిలింది. పళ్లెం అరుగు మీద పెట్టి ఆమె వైపు తిరిగింది.

"నా చెయ్యి జారలేదు అచ్చాయమ్మగారూ. అది గీత కాదు. గీతయితే వేలికి తగులుతుంది. తడిమి చూడండి."

ఆ కొట్లో కూలిమనిషిని గారూ అని పిలవడం అదే మొదలు. అచ్చాయమ్మ వేలు పెట్టి తడిమింది. నున్నగా ఉంది.

"లోపలికి నడు," అన్నాడు మాణిక్యాలరావు.

"మచ్చ మెరుగుది కాదు. వెండిది. మీరిచ్చిన రాణిబొమ్మలకి ఈ రంగు ఉండదు," అంది సూర్యావతి అచ్చాయమ్మతోనే.

అరుగు మీద బేరాలాడుతున్న ఇద్దరు తలతిప్పి చూశారు. మాణిక్యాలరావు నవ్వు తెచ్చుకున్నాడు. వ్యాపారంలో ఇరవయ్యేళ్లు నలిగిన మనిషి. చటుక్కున తెల్ల కడియం ఎత్తి అందరికీ చూపించాడు.

"వెండి మంచిది కాకపోతే ఇదెలా ఉందయ్యా ఇంత తెల్లగా? ఒకే మూస, ఒకే వెండి! పని చెడగొట్టుకుని సరుకు మీదికి తోసేస్తోంది. చూడండి, మీరే చూడండి!"

చూశారు. నిజంగానే మల్లెమొగ్గలా ఉంది. ఒకడు తల ఊపాడు. అచ్చాయమ్మ తన చేతి కడియం, అతని చేతి కడియం మార్చి మార్చి చూసింది. ఎవరిని నమ్మాలో ఆమెకి తెలియలేదు.

సూర్యావతి నోరు తెరిచింది. ఏం చెప్పాలన్నా తరవాతి మాట మూస గురించే. ఆ మూస ఎవరిదో చెప్పాలి. నోరు మూసుకుంది.

వసారాలో ఊదుగొట్టం నేలమీద పడిన చప్పుడైంది.

త్రిమూర్తులు బయటికి వచ్చాడు. ఒక చేతిలో నీళ్లగిన్నె, రెండో చేతిలో బొగ్గుముక్క. అతని ముఖం బూడిదరంగులో ఉంది. షావుకారు వైపు చూడలేదు. పోలీసుస్టేషను ఉన్న వీధి వైపు కూడా చూడలేదు. వంగి, గిన్నె భార్య ముందు పెట్టాడు.

"రెండోది కూడా రుద్దు, పొర పోయేదాకా," అన్నాడు.

"ఒరేయ్ త్రిమూర్తులూ! మూస నీది, గుర్తుందా?"

"ఆయ్. నాదేనండి."

అంతే అన్నాడు. అని అక్కడే, అందరికీ కనబడేలా, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

సూర్యావతి భర్త ముఖంలోకి ఒక్కసారి చూసింది. తరవాత చెయ్యి చాచింది. మాణిక్యాలరావు తెల్ల కడియాన్ని పిడికిట్లో బిగించాడు.

"అది నాదండి," అంది అచ్చాయమ్మ. ఆమె కూడా చెయ్యి చాచింది. "ఇలాగివ్వండి."

అరుగు మీద ఇద్దరు కాస్తా ఐదుగురయ్యారు. వీధిలో పోతున్న బండి ఒకటి ఆగింది. పిడికిలి నెమ్మదిగా వదులైంది.

సూర్యావతి గాజుల కట్టు ఇంకోసారి బిగించుకుంది. బొగ్గుముక్క నీళ్లలో ముంచి తెల్లటి వెండి మీద ఆనించింది. ఆమె పక్కనే, ఆమె ఎత్తులోనే, అచ్చాయమ్మ గొంతుక్కూర్చుని కళ్లార్పకుండా చూస్తోంది.

బొగ్గునీటి మొదటి నల్లటి చుక్క కడియం వంపు మీదుగా జారింది.