వెనక కోర్టులో వదిన

నెట్ దగ్గర ఆమె చురుకు చూసి అందరూ పాదరసం అని పిలిచేవారు. బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ఆమె ముందు, వదిన వెనక. మొదట జోడీ కుదిరింది, చుట్టరికం తర్వాత కలిసింది. చెల్లెలి ఆట చూడ్డానికొచ్చిన అన్న, షటిల్‌ని వదిలేసి వెనకున్న పిల్లనే చూశాడని ఇంట్లో ఇప్పటికీ ఏడిపిస్తారు. వదినామరదళ్లిద్దరూ కలిసి కప్పులు గెలిచారు, దేశాలు తిరిగారు, ఒకే గదిలో పడుకుని ఒకరి గురకను ఒకరు తిట్టుకున్నారు.

అయినా పాదరసం వదిన ఆటను సరిగ్గా చూసిందే లేదు. ముందున్న మనిషి వెనక్కి తిరిగితే షటిల్ మొహానికే తగులుతుంది. వీడియోలు పెట్టినా ఆమె కళ్లు ఎదుటి జట్టు మీదే. ఆమెకు తెలిసిందల్లా బూట్ల కీచుమన్న చప్పుడు, “నాది!” అన్న కేక, తల మీదుగా దూసుకుపోయే స్మాష్.

ఆ ఏడు ఆమె చీలమండ మెలిక పడింది. వదిన ఒక కొత్త పిల్లతో టోర్నమెంటుకు దిగింది. పాదరసం కట్టుకాలు ముందు సీటు మీద చాపుకుని గ్యాలరీలో కూర్చుంది.

కొత్త పిల్ల సర్వ్ చేసింది. వెనక వదిన చటుక్కున కుడివైపుకు జరిగింది. ఎదుటివాళ్లు తీరిగ్గా ఎడమ మూలకు కొట్టి పాయింటు తీసుకున్నారు. మళ్లీ సర్వ్, మళ్లీ అదే అడుగు. ‘ఇదేం పోయేకాలం! కుడివైపు ఏముందని?’

ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. కూర్చున్నచోటే సర్వ్ చేసినట్టు చెయ్యి కదిపి చూసుకుంది. ఒళ్లు దానంతటదే ఎడమకు ఒరిగింది. ఆ కుడివైపు ఖాళీ తను వదిలేదే!

ఓడి వచ్చిన వదిన బూట్ల లేసులు విప్పుకుంటోంది.

“వదినా, సర్వ్ చెయ్యగానే నేను ఎడమకి ఒరిగిపోతానా?”

“ఇప్పుడా తెలిసింది? నా పెళ్లికి ముందునుంచీ అంతేగా.”

“ఒక్కసారన్నా చెప్పొచ్చు కదా! మానుకునేదాన్ని.”

“అందుకే చెప్పలేదు. నీ వేగమంతా ఆ ఒరగడంలోనే ఉంది. సరిచెయ్యబోతే రెంటికీ చెడతావ్. ఒక్క అడుగేగా, నేనేసుకుంటే పోలా?”

పాదరసానికి ముందు ఉక్రోషం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఆ రెండూ చల్లారాక మనసులో ఒక పురుగు తొలవడం మొదలుపెట్టింది. మరి వదిన ఆటలో లోపం సంగతేమిటి?

కాలు నయమయ్యాక ప్రాక్టీసులో పట్టుబట్టి తను వెనక నిలబడింది. ఎదుటివాళ్లు స్మాష్‌కు చెయ్యెత్తినప్పుడల్లా ముందున్న వదిన భుజాలు చెవులదాకా లేచాయి.

“వదినా, నీకు నెట్ దగ్గర భయమా?”

“మెల్లగా అనవే తల్లీ, కోచ్ వింటాడు!”

ఇద్దరూ పడీపడీ నవ్వారు. కోచ్ కేకలేశాడు.

తర్వాత ఒక సెమీఫైనల్లో, చివరి గేమ్‌లో, ర్యాలీ తిరిగి తిరిగి, వదిన నెట్ దగ్గర ఇరుక్కుపోయింది. వెనక పాదరసానికి షటిల్‌ని పైకెత్తి కొట్టి ఊపిరి పీల్చుకునే వీలుంది. ఎత్తితే ఎదుటివాళ్ల స్మాష్ తిన్నగా వదిన మొహం మీదకే. ఆమె ఎత్తలేదు. చేతులు పడిపోతున్నా షటిల్‌ని కిందకే దించుతూ పోయింది. చివరికి అటువైపు రాకెట్ నెట్‌కు తగిలి, మ్యాచ్ వీళ్లదైంది.

మర్నాడు ఫైనల్లో చిత్తుగా ఓడారు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ సీటు కోసం ఊరు దాటేదాకా పోట్లాడుకున్నారు.