క్లోవిస్ ముంగిట దారి

బూటు నాడాలు బిగించుకుని, టోపీ చెవుల మీదికి లాక్కుని, క్లోవిస్ తలుపు వెనకనున్న తోపుడు పార అందుకున్నాడు. తొట్టిలా ఉండే పెద్ద రేకు పార అది. ఎత్తనక్కర్లేదు. మంచు కిందికి గుచ్చి, తోసుకుంటూ పోయి గట్టు మీద కుమ్మరించడమే. రాత్రి మంచు పడిందని అతనికి మంచం మీదుండగానే తెలిసింది. ఉత్త చలి అయితే చెక్క ఇళ్ళు టప్పుటప్పుమని మోగుతాయి. కొత్త మంచు పడితే ఆ మోత కూడా ఉండదు. వీధి మొత్తం ముసుగు తన్ని పడుకున్నట్టు ఉంటుంది.

తలుపు లోపలికి లాగాడు. ఎదురుగా మోకాలెత్తు మంచు ఉండాలి. లేదు. మెట్ల దగ్గర్నుంచి వీధి దాకా దారి తీసేసి ఉంది.

పార పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

దారి ఇరుకుగా ఉంది. మధ్యలో ఒకచోట వంకర తిరిగి మళ్ళీ సర్దుకుంది. అంచులు నున్నగా లేవు, చిన్న పారతో కొంచెం కొంచెంగా చెక్కినట్టున్నాయి. తీసినవాళ్ళ అడుగులు అప్పుడే సగం పూడిపోయాయి.

మా వీధిలో ముందు లేచినవాడు తన దారి తీసుకుని, పక్కనున్న ముసలివాళ్ళ దారి కూడా తీస్తాడు. ఎవరు తీశారని ఎవరూ అడగరు. తీసినవాడు చెప్పుకోడు. మేలు చేశావు బాబూ అంటే మొహం తిప్పుకుని వెళ్ళిపోతాడు. ఇదంతా మా తాతలు ఫిన్లాండు నుంచి ఈ ఉత్తరపు కొసన రాగి గనులకు వచ్చిన నాటి నుంచీ ఉన్నదే. ఒకరి దారి ఇంకొకరు తీయడం మొదలైతే ఆ మనిషి ముసలివాళ్ళలో కలిసిపోయాడని అర్థం. ఆ తరవాత అతన్ని బరువులు మోయమని ఎవరూ పిలవరు.

క్లోవిస్ పార మెట్టు మీద ఆనించి, ఆ వంకర దారి వైపే చూశాడు.

శరత్కాలంలో డాక్టరు అతని గుండె చప్పుడు విని, ఈ ఏడు మంచు పని మానెయ్యమన్నాడు. వెచ్చటి చోటికి పోతే ఇంకా మంచిదన్నాడు. ఆ మాట దూరాన దక్షిణాదిలో, లూసియానాలో ఉన్న అక్క ఒడీల్ చెవిన పడింది. ఆమె ఇంట్లో ఒక గది ఖాళీ చేయించి రంగు వేయించింది. ఆదివారం కొడుకు రెనేకి లారీ ఇచ్చి పంపుతానంది. వస్తావో రావో ఈ సాయంత్రానికల్లా చెప్పమంది. క్లోవిస్ వారం నుంచీ ఆ ఫోను చేయకుండా తప్పించుకు తిరుగుతున్నాడు.

ఇప్పుడు వీధి కూడా డాక్టరు మాటే అంటోంది అనుకున్నాడు.

పక్కింటి వైపు చూశాడు. అది హిల్యా ఇల్లు. ఆమెకు ఎనభై దాటాయి. భర్త గని దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై చనిపోయినప్పటి నుంచీ ఆమె దారి క్లోవిసే తీస్తాడు. ఈ పొద్దున ఆ దారి తీసి లేదు. తన దారి తీసినవాళ్ళు హిల్యా ముంగిట చెయ్యి పెట్టకపోవడం అతనికి వింతగా తోచింది. అటు వెళ్ళి మెల్లిగా తోయడం మొదలుపెట్టాడు. నాలుగు తోపులకోసారి ఆగాడు. ఎడమ చెయ్యి బరువెక్కి, ఛాతీ మీద ఎవరో రాయి పెట్టినట్టయింది. పార మీదికి వాలి, అది దిగేదాకా ఎటో చూస్తున్నట్టు నిలబడ్డాడు. హిల్యా కిటికీ తెర కదిలింది. అతను చూడనట్టే పని ముగించాడు.

క్లోవిస్ పని ఆసుపత్రి లాండ్రీలో. నేలమాళిగ అది. పెద్ద పెద్ద డ్రమ్ముల్లో దుప్పట్లు తిరుగుతుంటాయి, గోడల మీద చెమ్మ కారుతుంటుంది. అక్కడికి అడుగు పెట్టగానే కోటు, ఉన్ని చొక్కా, ఇంకో చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తాడు. తడి దుప్పటి కొసలు రెండూ పట్టుకుని దులిపి, వేడి రోలరు నోటికి అందిస్తాడు. అవతల అప్పడంలా వచ్చినదాన్ని నాలుగు మడతలు వేస్తాడు. మడత మీద అరచెయ్యి ఒకసారి నడిపిస్తాడు. ఆ పని ఎవరూ చెప్పింది కాదు.

ఎవరైనా సొంత ఊరు గుర్తు రాదా అని అడిగితే, పగలంతా లూసియానాలోనే పని చేసి సాయంత్రం ఇంటికొస్తున్నాను కదా అంటాడు. అతను చెప్పే హాస్యం అదొక్కటే. అందరికీ కంఠతా వచ్చు, అయినా అడిగి చెప్పించుకుంటారు.

ఇరవై ఏళ్ళవాడిగా సైన్యంలో చేరి, మా కొండ మీది రాడార్ శిబిరానికి వచ్చాడు. తక్కిన కుర్రాళ్ళు గోడల మీద గీతలు గీసుకుని ఎప్పుడు బయటపడతామా అని చూసేవాళ్ళు. క్లోవిస్ మొదటి మంచు పడ్డ రోజు కాపలాకి నిలబడ్డాడు. వాళ్ళ ఊళ్ళో వరిచేల గట్టున ఇల్లు. కప్పలు, దోమలు, కీచురాళ్ళు, పైన ఫ్యాను. చెవికి తెరిపి ఉండేది కాదు. ఆ రోజు మొదటిసారి అతనికి ఏ చప్పుడూ వినపడలేదు. కాపలా మార్చడానికి వచ్చినవాడు, వీడు బిగుసుకుపోయాడేమోనని భుజం పట్టి ఊపాడట. సైన్యం వదిలాక ఊరికి పోలేదు. ఒకామెను పెళ్ళికి అడిగాడు. ఆమె ఆలోచిస్తానని చెప్పి డెట్రాయిట్ వెళ్ళిపోయింది. అతను ఈ వీధిలో ఇల్లు కొనుక్కున్నాడు. ఇన్నేళ్ళయినా మా ఊళ్ళో అతన్ని దక్షిణాదీ అనే పిలుస్తారు.

పని దిగాక వీనో కాఫీ కొట్టుకి వెళ్ళాడు. మధ్యాహ్నం మూడింటికి మా ఊరి వాతావరణ పిచ్చివాళ్ళంతా అక్కడే చేరతారు. కిటికీ బయట మంచు కొలిచే తెల్లచెక్క ఒకటి పెట్టి ఉంటుంది. వచ్చిన ప్రతివాడూ దాన్ని చూసి, తల ఊపి, లోపలికి వస్తాడు. సరస్సు మీద గాలి ఏ మూల నుంచి వస్తే ఎంత పడుతుందో మాట్లాడుకోకుండా వాళ్ళకు కాఫీ దిగదు.

ఆ వేళ మాట చలి దేశంలో బతకడం గురించి నడుస్తోంది. రోడ్లమీద మంచు తోసే బండి నడిపే సూలో, గాలి లేకపోతే ఎంత చలైనా చలే కాదన్నాడు. తేమ ఉన్న చలి ఎముకల్లోకి దూరుతుందనీ, మనది పొడి చలి, ఆవులా పెరట్లో కట్టేసుకోవచ్చనీ అన్నాడు. వీనో యాలకుల రొట్టె కోస్తూ, మంచుది తప్పేమీ లేదనీ, నవంబరు చీకటే మనిషిని తినేస్తుందనీ అంది. మంచు మీద ప్రేమ ఏప్రిల్ దాకా ఉంటే అది ప్రేమ కాదు జబ్బని కూడా అంది. మాజీ పోస్టుమాను ఓన్ని, మంచు లేని ఊళ్ళో జనం ఒకరి మొహం ఒకరు ఎప్పుడు చూసుకుంటారో తనకు తెలీదన్నాడు. బండి కూరుకుపోకపోతే ఎవడు ఎవడి తలుపు కొడతాడన్నాడు. సూలో అతన్ని, నువ్వు పోస్టు బండి ఏడాదికోసారి కావాలనే కాలవలో దించేవాడివి, లోపలికి పిలిచి కాఫీ ఇస్తారని, అన్నాడు. అందరూ నవ్వారు. ఓన్ని కాదనలేదు.

క్లోవిస్ నవ్వలేదు. కప్పు చుట్టూ చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"దక్షిణాదీ, నీ మాటేంటి?" అంది వీనో. "చల్లారిపోతోంది నీ కాఫీ."

అతను కప్పులోకి చూస్తూ, "నా దారి ఎవరు తీశారు?" అన్నాడు.

 ఆ మాట మా ఊళ్ళో ఎవరూ అడగరు. వీనో కత్తి కింద పెట్టింది. ఓన్ని తెల్లచెక్క వైపు చూశాడు.

"నేను ముసలాణ్ణయ్యానని మీకు తోస్తే మొహమ్మీదే చెప్పండి," అన్నాడు క్లోవిస్. అంత పొడుగు మాట అతను ఆ కొట్టులో ఎన్నడూ అని ఉండడు. "డాక్టరు చెప్పాడు. అక్క చెప్పింది. మీరూ చెప్పేస్తే, సర్దుకుని పోతాను."

సూలో మెడ గోక్కున్నాడు. "హిల్యా," అన్నాడు.

"ఏ హిల్యా?"

"మనకెంతమంది హిల్యాలున్నారయ్యా? మీ పక్కింటావిడే. నేను బండెక్కడానికి పోతున్నా, ఇంకా చీకటిగా ఉంది. మొగుడి కోటేసుకుని, బొగ్గుపార పట్టుకుని నీ ముంగిట తవ్వుతోంది. ఇలా ఇవ్వమ్మా నేను తీస్తానంటే పార ఎత్తింది నా మీదికి. నీ బండి నువ్వు తోలుకో పోరా అంది."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"ఆవిడ ఎనభై దాటిన మనిషి," అన్నాడు క్లోవిస్. అతనికి ఇంకా అర్థం కాలేదు.

"నువ్వు అక్క దగ్గరికి పోతున్నావని ఊరంతా అనుకుంటున్నారుగా. ఆవిడా వింది." సూలో కప్పు పక్కకు జరిపి అతని వైపు తిరిగాడు. "లాంపినెన్ వాళ్ళు ఫ్లోరిడా పోయారు. వాళ్ళ ముంగిట ఎవడన్నా పార పెట్టాడా? కిటికీల దాకా వచ్చింది మంచు. పోయేవాడి దారి ఎవరు తీస్తారయ్యా? ఉండేవాడికే తీస్తారు."

 క్లోవిస్ చల్లారిన కాఫీ అంతా ఒకేసారి తాగేశాడు. వీనో అడక్కుండానే మళ్ళీ పోసింది. మాట మళ్ళీ గాలి మీదికి, సరస్సు మీదికి పోయింది. రేపు పొద్దుటికి ఎంత పడుతుందని ఓన్ని అడిగితే, క్లోవిస్ కూడా ఒక అంకె చెప్పాడు. మరీ ఎక్కువ చెప్పావని సూలో వెక్కిరించాడు.

ఇంటికి వచ్చేసరికి హిల్యా వాకిట్లో పిట్టలకు గింజలు వేస్తోంది. భర్త కోటు ఆమెకు మోకాళ్ళు దాటి వేలాడుతోంది. క్లోవిస్ కంచె దగ్గర ఆగాడు. మేలు చేశారనడానికి లేదు. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కనాడూ అనలేదు.

"దారి వంకరగా ఉంది," అన్నాడు.

"ఉంటే ఉందిలే. చీకట్లో నాకేం కనపడి చచ్చింది," అంది హిల్యా. గింజల డబ్బా మూత పెట్టి, "నీకు నచ్చకపోతే రేపు నువ్వే తిన్నగా తీసుకో అబ్బాయ్. ఉంటావుగా?"

క్లోవిస్ కంచె మీది మంచు దులిపాడు. "రేపు పొద్దున కాఫీకి రండి," అన్నాడు.

వాళ్ళిద్దరూ ఇన్నేళ్ళలో ఒకరింట్లో ఒకరు కూర్చున్నది లేదు. హిల్యా అతన్ని ఎగాదిగా చూసింది.

"నేను పంచదార పళ్ళ మధ్య పెట్టుకుని తాగుతాను. బిళ్ళలుండాలి. పొడి నాకు పనికిరాదు."

"ఉన్నాయి," అన్నాడు క్లోవిస్.

లేవు. ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగి, వెనక్కి తిరిగి, వీధి చివర కొట్టుదాకా ఆగి ఆగి నడిచాడు. మంచు మళ్ళీ మొదలైంది. పెద్ద పెద్ద రేకులు, గాలి లేకుండా, తిన్నగా కిందికి దిగుతున్నాయి. టోపీ మీద, భుజాల మీద పడుతుంటే దులుపుకోలేదు. పంచదార బిళ్ళల పెట్టె కోటు లోపల పెట్టుకుని వచ్చాడు. కుంపటి రాజేశాడు. అన్నం, ఎర్ర చిక్కుడు గింజల కూర వెచ్చబెట్టుకుని తిన్నాడు. ఆ తరవాత ఫోను అందుకున్నాడు.

ఒడీల్ మొదటి మోతకే ఎత్తింది. గదికి కిటికీ తెరలు కూడా కుట్టించానంది. నారింజ చెట్టు పూత మీదుందంది.

"అక్కా, నేను రాను."

ఒడీల్ గొంతు పెంచింది. "ఎందుకురా? ఆ మంచుగడ్డలో ఏముందిరా నీకు? మనవాళ్ళెవరన్నా ఉన్నారా అక్కడ?"

క్లోవిస్ ఫోను తీగ వేలికి చుట్టుకున్నాడు. "ఇక్కడ నా దారి తీశారే," అన్నాడు.

"దారి ఏమిట్రా?"

 రాననే అనుకో అన్నాడు. ఆమె తిట్టింది. చిన్నప్పటి నుంచీ మొండివాడివే అంది. కొంచెం ఏడ్చింది. చివరికి అన్నం తిన్నావా అని అడిగింది. తిన్నానని, ఏ కూర తిన్నాడో కూడా చెప్పాడు. అందులో మిరియాలు ఎక్కువ వెయ్యమని చెప్పి ఆమె పెట్టేసింది.

పొద్దు గుంకుతోంది. వీధి దీపం వెలిగింది. క్లోవిస్ కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు. ఏదో గుర్తొచ్చి మళ్ళీ లేచి, బల్ల సర్ది వచ్చి కూర్చున్నాడు. దీపం చుట్టూ మంచు ఆగకుండా దిగుతోంది. హిల్యా ఇంటి కప్పు, కంచె, పొద్దున వంకరగా తీసిన దారి, అన్నీ మెల్లిగా గుండ్రబడుతున్నాయి. ఎక్కడా చప్పుడు లేదు. అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉన్నాడు.

తెల్లారేసరికి నడుముల దాకా పడింది. క్లోవిస్ చెప్పిన అంకె ఎక్కువేమీ కాలేదు. సూలో బండి దగ్గరికి పోతూ రెండు ఇళ్ళ దారులూ పెద్ద పారతో తీసి వెళ్ళాడు. ఈసారి హిల్యా తిట్టలేదు. లోపల మంచి గౌను వేసుకుంటోంది.

ఆమె వచ్చి క్లోవిస్ తలుపు కొట్టి, జవాబు రాకపోతే తోసుకుని లోపలికి వెళ్ళింది. మా వీధిలో తాళాలు వేసుకోరు. క్లోవిస్ కిటికీ వైపు మొహం పెట్టి కూర్చునే ఉన్నాడు. చెంప మీద వేళ్ళ వెనక వైపు ఆనించి చూసింది. చల్లగా తగిలింది. కేక పెట్టలేదు. ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, అతను చూస్తున్న వైపే కాసేపు చూసింది. బాగా తెల్లారాక లేచి సూలో కోసం వెళ్ళింది.

ఆదివారం రెనే లారీ వేసుకుని వచ్చాడు. ఒడీల్ తమ్ముణ్ణి లూసియానాకు తెమ్మంది కానీ, కొండ మీద మంచులోనే పూడ్చిపెట్టమని వీధి వాళ్ళు అడిగారు. అతను తల్లికి ఫోను చేసి సరేనన్నాడు. కొన్ని బట్టలు, ఒక ఫోటో తీసుకుని వెళ్ళాడు. ఇల్లు ఖాళీగానే ఉంది. అయినా మంచు పడ్డ ప్రతి పొద్దునా క్లోవిస్ దారి ఎవరో ఒకరు తీస్తూనే ఉన్నారు. వసంతం వచ్చి నేల కనిపించేదాకా తీశారు.

లోపల వస్తువులేవీ ఎవరూ కదపలేదు. బల్ల మీద రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి. అవతలి కప్పు పక్కన, చిన్న పళ్ళెంలో, రెండు పంచదార బిళ్ళలు.