వదిలేసిన వచనాలు

మా ఆయన దైవాశీర్వాదం గారికి దేవుడు రెండు వరాలిచ్చాడు. ఒకటి గొంతు, రెండోది ఆ గొంతు మీద అంతులేని అభిమానం. నరసాపురం చర్చిలో క్వయర్ నడిపినన్నాళ్లూ రెండూ సుఖంగానే ఉన్నాయి. అమెరికాలోని నోవైలో మా అమ్మాయి పర్సిస్ దగ్గరికి వచ్చాకే కష్టాలు మొదలయ్యాయి. ఇక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో పాటలు నడిపేది లెవి అనే కుర్రాడు. ముందు కీబోర్డు, వెనక డ్రమ్స్, మధ్యలో తను. ఈయన ఒక్క కీర్తన పాడతానంటే, "అంకుల్, మీది కొంచెం స్లో. యూత్ కనెక్ట్ అవ్వరు" అని అందరి ముందూ అనేశాడు. ఆ రోజు నుంచీ ఈయనకి అన్నం కూడా కనెక్ట్ అవలేదు.

మార్చిలో లెవి ఉద్యోగం పోయింది. వీసా గడువులోగా ఇంకోటి దొరక్కపోతే పెళ్లాం బిడ్డతో ఇండియా వెళ్లిపోవాలట. పాడే ఓపిక లేదన్నాడు. వచ్చే ఆదివారం పాటలు మీరే నడపండని పాస్టర్ గారు ఫోన్ చేస్తే మా ఆయన ముఖంలో ఎంత జాలో! ఆ జాలితోనే రెండు కప్పుల కాఫీ తాగి, బైబిల్లోని 118వ కీర్తన పాడతానన్నారు. చుట్టుముట్టిన శత్రువుల్ని నాశనం చేయడం, కట్టేవాళ్లు పనికిరాదని పారేసిన రాయే చివరికి మూలకు తలరాయి కావడం, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ రాయి ఎవరో వేరే చెప్పాలా?

"లెవి వింటూ కూర్చుంటాడండీ," అన్నాను.

"వాక్యం నేను రాశానా?" అన్నారు.

శనివారం పక్కింటి నార్మన్ గారు మమ్మల్ని వాళ్ల సమాజమందిరానికి పిలిచారు. ఐగుప్తు దాస్యం నుంచి విడుదలైనందుకు యూదులు చేసుకునే పస్కా పండుగ వారం అది. రోజూ పొద్దున ఆరాధనలో 113 నుంచి 118 దాకా స్తుతి కీర్తనలు వరసగా పాడతారు. హల్లేల్ అంటారట. శనివారం వాళ్లకి విశ్రాంతి దినం కాబట్టి వాయిద్యాలేమీ లేవు. డ్రమ్స్ లేని ఆరాధన చూసి మా ఆయనకి ప్రాణం లేచొచ్చింది. తెలుగు బైబిలు తెరిచి, నార్మన్ గారి ఇంగ్లీషు పుస్తకం పక్కన పెట్టుకుని, వేలితో సరిచూస్తూ కూర్చున్నారు.

115 దగ్గర వాళ్లు సగం వదిలేసి ముందుకెళ్లారు. 116లోనూ అంతే. యూదులకే కీర్తనలు నేర్పే అవకాశం ఈయన వదులుకుంటారా?

"ఎక్స్‌క్యూజ్ మీ, యూ మిస్డ్ సమ్ వర్సెస్!" అని మందిరం మధ్యలో కేకేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నార్మన్ గారు కోప్పడలేదు. బయటికొచ్చాక నెమ్మదిగా చెప్పారు.

"తెలిసే వదిలేస్తాం. పండుగ మొదట్లో పూర్తిగా పాడతాం, తర్వాతి రోజుల్లో కొంత తగ్గిస్తాం. మమ్మల్ని తరుముతూ వచ్చి సముద్రంలో మునిగిపోయిన ఐగుప్తువాళ్లు మా శత్రువులే. అయినా మనుషులు మునిగిపోతే నిండు సంతోషంతో పాడకూడదని పెద్దలు చెప్పారు."

ఇంటికొచ్చాక మా ఆయన కాఫీ కూడా అడక్కుండా 118వ కీర్తన తెరిచి పెట్టుకున్నారు. ఒంట్లో బాలేదేమోనని నుదురు పట్టుకు చూశాను.

ఆదివారం లెవి, భార్యా పాపా చివరి వరసలో కూర్చున్నారు. ఈయన మైకు ముందు నిలబడి, తన పద్ధతిలో, స్లోగానే ఎత్తుకున్నారు. శత్రువులు చుట్టుముట్టే చోటికి రాగానే గుండె పట్టుకున్నాను. వాళ్లని దాటేశారు. రాయి దగ్గర ఒక్క క్షణం ఆగి, గాలి పీల్చుకుని, దాన్నీ దాటేసి కృతజ్ఞతల దగ్గరికి వెళ్లిపోయారు. జనం బైబిళ్లలో పేజీలు తిప్పుకుంటూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

ఆరాధన అయ్యాక లెవి దగ్గరికొచ్చాడు.

"సూపర్ అంకుల్. ఆ రాయి వచనం మాత్రం మర్చిపోయారు. ఏజ్ కదా, నో ప్రాబ్లమ్."

నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు దులపబోతుంటే ఈయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"అవును బాబూ, ఈమధ్య మతిమరుపు," అన్నారు. "ఇంటర్వ్యూలు ఏమైనా వస్తున్నాయా?"

కూరలో ఉప్పు తనే వేసి, ఎక్కువైతే నా నాలుకదే తప్పనే మనిషి ఈయన. ఇన్నేళ్ల కాపురంలో చేసిన తప్పు ఒక్కటీ ఒప్పుకోలేదు. ఇవాళ చెయ్యని తప్పు ఒప్పుకుని, చర్చిలో నిలబడి నిక్షేపంలా అబద్ధమాడుతుంటే, నాకు కళ్లనీళ్లు ఆగలేదు.