తిండిపోతు డియోప్

మా వోలోఫ్ భాష నేర్చుకోవడానికి మా ఇంటికి వచ్చిన పోర్చుగల్ నర్సు ఇనేస్‌కు నాన్న డియోప్ అని ఇంటిపేరు పెట్టాడు. మాది న్డియాయే. డియోపులూ మేమూ ఎక్కడ ఎదురుపడినా వేళాకోళం ఆడుకోవాల్సిందే, అది తాతల నాటి ఆచారం. ఆడకపోతే పరాయివాళ్లన్నట్టే.

“ఏమే తిండిపోతు డియోప్, అన్నం వాసనకే వచ్చావా?” అనేవాడు నాన్న.

ఆమె నవ్వి ఊరుకునేది. ఆ మొహమాటం చూస్తే నాకు ఒళ్లు మండేది.

“తిరిగి అనవే తల్లీ! అప్పుడే నీకు మా భాష వచ్చినట్టు,” అనేవాడు నాన్న.

నాన్న పోయిన పొద్దున ఇనేస్ వచ్చింది. తెల్లబట్ట కప్పిన నాన్నను చూసి, ఏడుస్తూనే గొంతెత్తింది.

“లేవయ్యా న్డియాయే! అన్నమంతా ఈ డియోప్ తినేస్తుంటే పడుకుంటావేం?”

అమ్మ కళ్లు తుడుచుకుని చాప మీద పక్కకు జరిగింది.

“ఒక్క డియోపైనా రాలేదేమా అని ఇందాకట్నుంచీ చూస్తున్నా. రావే తిండిపోతూ, కూర్చో.”